జల్లెడ నడిచి చూసిన నగరం

మా పెంకుల ఫ్యాక్టరీ గురించి ఎవరైనా రాయాలంటే నాకన్నా తగినవాడు లేడని తెలిసినవాళ్ళంతా ఒప్పుకుంటారు. మట్టి తట్ట మోసే పనిలో చేరి, అచ్చు పని నేర్చి, బట్టీ మేస్త్రీనయ్యాక గానీ నేను ఆ గేటు దాటి బయటికి రాలేదు. మా ఊరి బడిలో చదివింది అయిదో తరగతి దాకానే. అయినా దస్తూరీలో నన్ను మించినవాడు ఆ బడిలో అప్పుడు లేడు, తర్వాత వచ్చినట్టూ నేను వినలేదు. నా చేతికింద ఏ బట్టీ పగల్లేదు. సమ్మె ముదిరినప్పుడు యూనియన్ వాళ్ళనీ మేనేజరునీ ఒకే బల్ల దగ్గర కూచోబెట్టింది నేను. ఫ్యాక్టరీ ఇచ్చిన షీల్డు మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది, చూడాలనుకున్నవాళ్ళు ఎప్పుడైనా రావచ్చు.

ఇదంతా నా సంగతి. ఇప్పుడు రాయబోయేది మా ఆవిడ సంగతి. ఆమెకు షీల్డు ఎవరూ ఇవ్వలేదు.

ఫ్యాక్టరీలో ఆమెను జల్లెడ అనేవాళ్ళు. పెంకు చేసే మట్టిని ముందు గుంటలో పోసి, నీళ్ళు పెట్టి, కాళ్ళతో తొక్కాలి. అందులో పప్పు గింజంత గులకరాయి మిగిలినా, బట్టీలో ఆ పెంకు టప్పున పగులుతుంది, పక్కనున్న నాలుగింటినీ పగలగొడుతుంది. మా ఆవిడ తొక్కిన గుంటలో రాయి మిగిలేది కాదు. పిక్కల దాకా మట్టిలో దిగి నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. "రాయి" అనేది. అచ్చు దగ్గర నిలబడ్డ నేను చెయ్యి చాపాలి. ఆమె వంగి, మట్టిలోంచి దాన్ని తీసి, నా అరచేతిలో వేసేది. పెళ్ళికి ముందు మేము మాట్లాడుకున్నదంతా ఆ ఒక్క మాటే. పెళ్ళయ్యాక మాటలు పెరిగాయి, వాటిలో రాళ్ళూ పెరిగాయని ఆమే నవ్వేది.

చలికాలంలో గుంట మట్టి మంచులా ఉండేది. తొక్కేవాళ్ళ కాళ్ళు మొద్దుబారిపోయేవి. దానికి మాకొక వైద్యం ఉంది. బట్టీ అంచున ఇటుక కాల్చి, గోనెపట్టాలో చుట్టి, పాదాల కింద పెట్టుకోవడమే. కాసేపటికి చీమలు పాకినట్టయి స్పర్శ తిరిగొచ్చేది. ఏ డాక్టరూ అక్కర్లేదు.

అందుకే, పని మానేసిన చాలా ఏళ్ళకి మా ఆవిడ కుడిపాదం మొద్దుబారితే మాకేమీ భయం వేయలేదు. మట్టి ఇన్నాళ్ళకి బాకీ వసూలు చేసుకుంటోందంది. పొయ్యి మీద ఇటుక పెట్టి, పట్టాలో చుట్టి, పాదం ఆనించుకుంది. "ఏంటయ్యా, వెచ్చగానే లేదు" అంది. ఇంకాస్త కాల్చుకుంది. అప్పటికీ ఏమీ తెలియలేదు. గోనె మాడిన వాసనకి నేను పెరట్లోంచి లోపలికి పరుగెత్తుకొచ్చాను. మాడింది గోనె ఒక్కటే కాదు.

ఆ పుండు మానలేదు. మా దగ్గరి డాక్టరు నెలల తరబడి కట్లు కట్టి, చివరికి రాజధానిలోని పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు.

అక్కడి డాక్టరమ్మ వయసులో మా మనవరాలంత ఉంటుంది. కట్టు విప్పి చూసి, "ఎవరు చెప్పారమ్మా మీకు కాలు కాల్చుకోమని?" అంది.

"ఒకరు చెప్పేదేముంది తల్లీ. మొద్దుబారితే ఇటుక పెట్టుకుంటాం."

"ఇది చలికి మొద్దుబారింది కాదు. షుగరుకి నరాలు చచ్చిపోయాయి. అవి మళ్ళీ లేవవు." ఆ పిల్ల కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చీము ఎముకదాకా దిగింది. ఈ పాదం తీసేయాలి, మడమ పైదాకా. ఇవాళ చేరితే రేపు పొద్దున చేస్తాం. ఆగితే మోకాలు పోతుంది. ఇంకా ఆగితే మనిషే పోతుంది."

మా ఆవిడ తన పాదం వంక చూసుకుంది. పొరుగింటి వాళ్ళు మనింట్లో వదిలి వెళ్ళిన సామాను వంక చూసినట్టు చూసింది.

"సాయంత్రం చెప్తాను" అంది.

"సాయంత్రం దాకా ఏం చేస్తారు?"

"ఊరు చూస్తాను. ఇదే రావడం."

"అమ్మా, ఆ కాలు అసలు నేలకి ఆనించకూడదు!"

"రేపు నువ్వు తీసి పారేస్తానన్నదాన్ని ఇవాళ నేను దాచుకోవాలా?"

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"సాయంత్రం అన్నానుగా."

డాక్టరమ్మ నా వంక తిరిగింది. "పెద్దాయనా, మీరైనా చెప్పండి. నా డ్యూటీ అయ్యేదాకా మంచం ఉంచుతాను. తర్వాత నా చేతుల్లో ఉండదు."

"సాయంత్రానికి ఒప్పించి తీసుకొస్తాను" అన్నాను. "నా మాట కాదన్నవాళ్ళు తక్కువ."

"వాళ్ళలో మొదటిదాన్ని నేనే" అంది మా ఆవిడ, మెత్తటి చెప్పు తగిలించుకుంటూ.

ఆమె మొండితనానికి కారణం నాకు తెలుసు. రాజధానిలో పెద్ద మ్యూజియం ఉంది. దాని పైకప్పుకి పెంకులు వెళ్ళింది మా ఫ్యాక్టరీ నుంచే. ఆ ఆర్డరు వచ్చినప్పుడు మేనేజరు స్వయంగా గుంటల దగ్గరికొచ్చి, ఆ మట్టి మొత్తం జల్లెడే తొక్కాలన్నాడు. కాల్చింది నేను. లారీల వెంట వచ్చి అప్పగించిందీ నేనే. కప్పడం పూర్తయ్యాక ఎదురుగా ఉన్న గడియారం మేడ ఎక్కి చూశాను. అంత పెద్ద ఎరుపు నేనెక్కడా చూడలేదు. ఆ సంగతి ఇంటికొచ్చి ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో! ఆమె మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర నేను కారు పిలవబోయాను. నా చెయ్యి పట్టి దించేసింది.

"కారెక్కి చూసేదానికైతే కాలు పోయాక కూడా చూడొచ్చు. నడిచే చూస్తాను."

నడిచాం. నా భుజం మీద ఒక చెయ్యి, రెండో చేతిలో నా గొడుగు. నొప్పి లేదు గనక ఆమె నడక చూసినవాళ్ళెవరూ అది చెడిన కాలని అనుకోరు. అదే నన్ను భయపెట్టింది. కుంటినా బాగుండేది.

ముందు మంత్రులుండే భవనాల వీధికి వెళ్ళాం. తెల్లటి గోడలు, నిలువెత్తు కిటికీలు, గేటుకి తుపాకీ పట్టుకున్న మనిషి.

"ఇన్ని కిటికీలున్నాయి, ఒక్కటీ తెరిచి లేదు" అంది. "లోపలున్నవాళ్ళకి ఉక్కపోయదా?"

"లోపల చల్లటి మిషన్లుంటాయే."

"అయితే కిటికీలెందుకు పెట్టించారు?"

తర్వాత కూడలిలో గుర్రం మీద కూచున్న ఎవరో సేనాపతి విగ్రహం వచ్చింది. గుర్రం ముందు కాలొకటి పైకెత్తి ఉంది. మా ఆవిడ దాని చుట్టూ తిరిగి చూసి, "దీనికీ డాక్టరమ్మ చెప్పినట్టుంది, కాలు కింద పెట్టొద్దని" అంది. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. ఇప్పుడైతే ఒప్పుకుంటుందనిపించింది.

"చూడవే. కర్రకాళ్ళు పెడుతున్నారట. మా అచ్చుల షెడ్డులో పనిచేసినవాడి తమ్ముడు కర్రకాలుతో సైకిలు తొక్కుతాడు."

"నేనెప్పుడు తొక్కాను సైకిలు?"

"మాటకి చెప్పాను."

"కాలు లేకపోతే నీ చేతుల్లో పడాలి. టీ పెట్టడం రాని మనిషివి నువ్వు. పెద్ద బట్టీ వెలిగిస్తావు గానీ పొయ్యి వెలిగించలేవు."

"నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా?" అంది. నా భుజం మీది చెయ్యి కొంచెం బరువెక్కింది.

ఏటి ఒడ్డుకి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మ్యూజియం వైపు అడ్డదారిలో పోవాలంటే కార్లు నిలిపే మైదానం దాటాలి. నేలంతా కంకర, దుమ్ము. ఆ దుమ్ములో అక్కడక్కడ ఎర్రటి ముక్కలు కనిపించాయి. ఇటుక ముక్కలనుకున్నాను. "చూసి నడవవే, గరుకుగా ఉంది" అన్నాను.

"గరుకుగా ఉందా?" అంది.

గుంటలో పప్పు గింజ దగ్గర ఆగిపోయిన మనిషి, ఆ కంకర మీద సిమెంటు గచ్చు మీద నడిచినట్టు నడిచిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

ఒడ్డున బెంచీ మీద కూచుని, కాగితంలో కట్టించుకున్న రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. ఏట్లో పడవలు పోతున్నాయి. ఆమె గుడ్డు పెంకు ఒలుస్తూ, తలెత్తకుండానే అంది: "ఆ కప్పు చూసి చెప్తానయ్యా. ఈ కాలు చేసిన పని ఒక్కసారి చూసి, అప్పుడు దాన్ని ఇవ్వనా వద్దా చెప్తాను. అంతవరకూ నన్ను వాయించకు."

నేను వాయించలేదు.

మ్యూజియం అరుగులు ఎత్తు, గోడలు ఇంకా ఎత్తు. వీధిలోంచి మెడ విరిగేలా చూసినా పైకప్పు కనిపించదు. అది నాకు ముందే తెలుసు. గడియారం మేడ ఎక్కాల్సిందే. మేడ కింద కాపలావాడు స్టూలు మీద కూచుని కాలి గోళ్ళు తీసుకుంటున్నాడు. మా ఆవిడ పాదానికున్న కట్టు చూసి కత్తెర పక్కన పెట్టాడు.

"పెద్దమ్మా, లిఫ్టు లేదు."

"ఉంటే నేను రాకపోదును."

"మెట్లు ఇరుకు, మెలికలు. మధ్యలో ఆగిపోతే మోసుకొచ్చేవాళ్ళు లేరు."

"మా ఆయన ఉన్నాడుగా. బట్టీ మేస్త్రీ. అడిగావంటే షీల్డు సంగతి కూడా చెప్తాడు."

కాపలావాడు నవ్వి గేటు తీశాడు.

ఆ మెట్లు ఎన్నో నేను చెప్పలేను. లెక్కపెడితే కాళ్ళు బరువవుతాయని ఆమె వద్దంది. ఒక్కో మలుపు దగ్గర ఆగి, గోడకి ఆనుకుని, "ఏదో ఒకటి చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ణి. పగలని బట్టీల సంగతి, సమ్మె సంగతి, మంత్రి ఫ్యాక్టరీకొచ్చినప్పుడు నా భుజం తట్టిన సంగతి. షీల్డు దగ్గరికి వచ్చేసరికి, "ఆగాగు, అది పైకెళ్ళాక. ఇప్పుడే అయిపోతే చివరి మెట్లకి ఏం మిగుల్తుంది?" అంది. నవ్వుకుంటూనే ఎక్కాం. నా జీవితంలో చెప్పుకోదగ్గవన్నీ ఆ మెట్ల మీద అయిపోయాయి.

పైన గాలి కొట్టింది. రాతి పిట్టగోడ దగ్గరికి నడిపించి, "అదిగో!" అన్నాను చెయ్యి చూపించి. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మ్యూజియం అక్కడే ఉంది. పైన ఎరుపు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిదరంగు రేకులు.

వేరే భవనమేమోనని వెతికాను. ఏరు అటు, వంతెన ఇటు, గుమ్మటం దాని పక్కన. అదే.

"మబ్బు పట్టిందే. అందుకని అలా ఉంది" అన్నాను.

"మబ్బు పడితే పెంకు రేకవుతుందా?"

ఇంతలో కాపలావాడు నీళ్ళ సీసా పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. మేము అటు చూడడం చూసి అడక్కుండానే చెప్పాడు. "ఆ రేకులు వేసి చాలా ఏళ్ళయింది. పాత పెంకులు బరువని తీసేశారు. లారీలు లారీలు. ఏటి ఒడ్డున కార్లు పెట్టే చోటు లేదూ, అదివరకు అక్కడ పెద్ద గుంటలు. వాటిలో పోసి రోలరు తోలారు."

"మంచి పెంకులయ్యా అవి!" అన్నాను. "ఒక్కటి కూడా కారి ఉండదు."

"కారాయని కాదు పెద్దాయనా. బరువని."

మా ఆవిడ పిట్టగోడ పక్క దిమ్మె మీద కూచుంది. అప్పుడు చూశాను, ఆమె కూచున్న చోటికి నడిచొచ్చిన దారంతా రాతి మీద తడి ముద్రలు. నీళ్ళనుకున్నాను. కావు.

ఆమె కాలి చెప్పు తీశాను. దాని మెత్తటి అడుగుని చీల్చుకుని, కట్టు లోపలికి ఒక ఎర్రటి ముక్క దిగి ఉంది. వేలి గోరంత.

"ఎప్పుడు గుచ్చుకుందే ఇది?"

"నాకేం తెలుసు?" అంది.

ఆ పాదం గురించి ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఆమే వంగి ఆ ముక్కని లాగింది. మొహంలో ఏ మార్పూ లేదు. చీర చెంగుతో తుడిచి, విరిగిన అంచుని వేలితో రాసి, రాతి మీద తట్టింది. కణంగున మోగింది.

"బాగా కాలింది. నీ బట్టీదే" అంది. ఇంకోసారి అంచు తడిమి, "రాయి లేదు. మట్టి నాదే" అంది.

తర్వాత నా వంక చూసింది. నేను చెయ్యి చాపాను. అరచేతిలో వేసింది.

"పోదాం పద. తీసేయమను."

సాయంత్రానికి ఒప్పిస్తానని డాక్టరమ్మకి మాటిచ్చినవాణ్ణి. ఆ క్షణాన వద్దనబోయాను. "ఇంకొక్క రోజు ఆలోచించవే" అన్నాను.

"ఆలోచించేదేముందయ్యా? తను తొక్కిన మట్టి మీదే నడిచింది, తెలుసుకోలేదు. గుచ్చుకున్నా తెలుసుకోలేదు. ఇది నా కాలు కాదు. నా కాలు ఎప్పుడో వెళ్ళిపోయింది, చెప్పకుండా." విప్పిన చెప్పు చేతికి తీసుకుని, "షీల్డు సంగతి మిగిలిపోయింది. దిగేటప్పుడు చెప్పు" అంది.

దిగేటప్పుడు చెప్పలేకపోయాను. కాపలావాడూ నేనూ చేతులు కుర్చీలా పెనవేసి, ఆమెను కూచోబెట్టుకుని, మలుపు మలుపుకీ గోడ గీసుకుంటూ దించాం. వీధిలో నేను కారు పిలిస్తే ఆమె కాదనలేదు. ఆ రోజంతటిలో నన్ను బాగా కుంగదీసింది అదే.

డాక్టరమ్మ ఇంకా ఉంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. కట్టు విప్పింది, పిక్క నొక్కింది, పైకి పాకిన ఎర్రటి చార వెంట వేలు పోనిచ్చింది. వేలు మోకాలు దాటింది.

"మడమ చాలదమ్మా. మోకాలి పైన తీయాలి."

"నేను పాదానికే ఒప్పుకున్నాను" అంది మా ఆవిడ.

"తెలుసమ్మా."

"మిగతాది అడక్కుండానే తీసుకుంటున్నావు."

ఆ పిల్ల తల వంచుకుంది. నేను డాక్టరమ్మని వరండాలోకి పిలిచి, "ఇవాళ నడవకపోయుంటే?" అని అడిగాను.

"పెద్దాయనా, అది నిన్ననే పైకి పాకి ఉండొచ్చు. ఇవాళే పాకి ఉండొచ్చు. నేను చెప్పలేను." చేతులు కడుక్కుంటూ ఇంకోసారి అంది, "ఎవరూ చెప్పలేరు."

పెద్ద పెద్దవాళ్ళ ముందు నిలబడి మాట్లాడినవాణ్ణి. ఆ వరండాలో ఆమె వదిలేసిన కొళాయి కట్టి, లోపలికి నడిచాను.

ఇంటికొచ్చి ఏడాది దాటింది. కర్రకాలు తెచ్చారు గానీ మోకాలు లేని కాలికి అది నిలవదని తేలింది. మంచం పక్కనే గోడకి ఆనించి ఉంది, బట్టలు వేలాడేసుకోవడానికి పనికొస్తోంది. నేను టీ పెట్టడం నేర్చుకున్నాను. బాగుండదు. ఆమె మొత్తం తాగి గ్లాసు చేతికిస్తుంది. బాగుండలేదని అనడం మానేసింది. చూడ్డానికొచ్చినవాళ్ళు "ప్రాణం దక్కింది, అదే చాలు" అంటారు. ఆమె "చాలు" అని గోడ వైపు తిరుగుతుంది. ఎడమపాదం వేళ్ళు నల్లబడుతున్నాయి. నేను చూశాను. ఆమె చూసింది. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోం. ఆ పెంకు ముక్కని బీరువాలో షీల్డు పక్కన పెట్టాను. "చెత్త, పారెయ్" అంది ఒకసారి. పారేయలేదు.

మొన్న మధ్యాహ్నం కిటికీ పక్కన కూచుని ఇది రాస్తున్నాను. ఆమె నిద్రపోతోందనుకున్నాను.

"రాయి" అంది.

కలవరిస్తోందేమోనని దగ్గరికెళ్ళాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఎక్కడే?"

"బొటనవేలి కింద. గుచ్చుకుంటోంది."

"ఎడమకాలా?"

కాదన్నట్టు తలూపింది. దుప్పటి చదునుగా పడి ఉన్న కుడివైపు చూసింది. "అది. మట్టి చల్లగా కూడా తగులుతోంది. ఎన్నేళ్ళయిందయ్యా ఇలా తెలిసి!"

ఆమె మొహంలో గుంట దగ్గరి పిల్ల ఒక్క క్షణం కనిపించింది. నాకు తెలియకుండానే చెయ్యి చాపాను.

ఆమె లేచి వంగబోయింది. దుప్పటి మీద, ఏమీ లేని చోట వేళ్ళతో తడిమింది. ఇంకాస్త కిందికి తడిమింది. తర్వాత నా అరచేతి వంక చాలాసేపు చూసింది.

"ఎలా తియ్యనయ్యా?" అంది.